మాట తప్పిన చోట: జాషువా కవిత్వంలో దేశచింత

భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయిని అందించే గనుల ఊరు నందిని. దుర్గ్ జిల్లాలోని ఈ ఊరికి భిలాయి చరిత్రే చరిత్ర. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. పని వెదుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి, ఇతర జిల్లాల నుంచి తెలుగువారు ఈ ప్రాంతానికి చేరారు. వారిలో క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. ఆ కుటుంబాల వెంట సాధారణంగా రెండు పుస్తకాలు వచ్చాయి: తెలుగు బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. ఆదివారపు ఆరాధనలో దేశం కొరకు, దేశాన్ని ఏలేవారి కొరకు ప్రార్థించడం వారికి తరతరాల ఆనవాయితీ.

ఆ ప్రార్థనలలో తరచు వినవచ్చే మాట ఒకటుంది. దేశం నైతికంగా దిగజారిపోయిందని, రాజకీయాలలో సత్యం కరవైందని, ఏలికలకు దైవభీతి లేకుండా పోయిందని ఆ మాటకు అర్థం. ఇది క్రైస్తవులకే పరిమితమైన ఆవేదన కాదు. అన్ని మతాల పెద్దలూ ఈ మాట అంటూనే ఉంటారు. అందులోని నిజాయితీని శంకించనక్కరలేదు. కాని సాహిత్య విమర్శకు ఇక్కడ ఒక ప్రశ్న ఎదురవుతుంది. దేశం దిగజారిందంటున్నాము, ఏ ఎత్తు నుంచి దిగజారింది? ఆ ఎత్తున ఒకప్పుడు ఎవరెవరు నిలిచి ఉన్నారు? ఊరి వెలుపల ఉంచబడినవానికి ఆ ఎత్తులో పాలు ఉండెనా?

తెలుగులో ఈ ప్రశ్నను కావ్యవస్తువుగా స్వీకరించి, దానికి సమాధానం వెదికిన కవి గుర్రం జాషువా. 1895 సెప్టెంబరు 28న నాటి గుంటూరు జిల్లా వినుకొండ ప్రాంతంలో, క్రైస్తవ కుటుంబంలో జన్మించాడు. తండ్రి వీరయ్య యాదవ కులం నుంచి వచ్చినవాడు. తల్లి లింగమ్మ మాదిగ. జాషువా దేశచింతను ఆయన మతంతో ముడిపెట్టి చదివినవారు తక్కువ. కులంతో ముడిపెట్టి చదివినవారు ఎక్కువ, అది సమంజసమే. అయితే ఆ రెండూ కలిసిన చోటనే ఆయన స్వరంలోని విశిష్టత బోధపడుతుందని ఈ వ్యాసం చెప్పదలచినది.

రెండు స్వరాలు

దేశ పతనాన్ని గురించి మాట్లాడే క్రైస్తవ సంప్రదాయంలో రెండు స్వరాలు వినిపిస్తాయి. మొదటిది వేదిక మీది స్వరం. మాట్లాడేవాడు ఎత్తున ఉంటాడు. పాపి కింద ఉంటాడు. అక్కడ దేశం అంటే ఇతరుల దేశం, పాపం అంటే ఇతరుల పాపం. రెండవది పాత నిబంధనలోని ప్రవక్తల స్వరం. యిర్మీయా తన ప్రజల పతనాన్ని చూచి దుఃఖించాడేగాని వారిని విడిచి దూరంగా నిలబడలేదు. ఆమోసు బీదలను అమ్ముకునే సంపన్నులను, న్యాయాన్ని తలకిందులు చేసే పెద్దలను గద్దించాడు. అయితే ఆ దేశం తన దేశమన్న స్పృహతోనే గద్దించాడు. అభియోగం మోపినవాడే ఆ దుఃఖంలో భాగస్వామి. ఈ రెండవ స్వరానికి ధర్మాగ్రహం ఎంత ముఖ్యమో మమకారం అంతే ముఖ్యం.

జాషువా స్వరం ఈ రెండవ కోవకు చెందినది. ఆయన జీవితంలో మొదటి కోవకు దిగిపోవడానికి కావలసినన్ని కారణాలు ఉన్నాయి. పుట్టిన కులం కారణంగా పండిత సభలలో అవమానం ఎదురైంది. హిందూ పురాణేతిహాసాలను అభ్యసించి, వాటిని కవిత్వంలోకి తెచ్చుకున్నందుకు సొంత మతస్థుల నుంచి తిరస్కారం ఎదురైంది. బతుకుతెరువు కోసం చిన్న జీతానికి బడిపంతులుగా పనిచేశాడు. మూగచిత్రాల కాలంలో రాజమండ్రిలో సినిమా ఆడుతుండగా ప్రేక్షకులకు కథ, సంభాషణలు చదివి వినిపించాడు. గుంటూరులో లూథరన్ సంఘంవారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పాఠాలు చెప్పాడు. ఇరుపక్షాలూ దూరంగా నెట్టిన మనిషి ఇరుపక్షాలనూ దూషించి ఊరకుండవచ్చు. ఆయన అలా చేయలేదు. తనను బయట నిలబెట్టిన దేశాన్ని తనదిగానే భావించాడు. తనను కాదన్న పద్యాన్నే ఆయుధంగా పట్టాడు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి వంటి మహాపండితుడు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగిన సంఘటనను గుణగ్రహణానికి నిదర్శనంగా చెబుతుంటారు. ఆ పద్యవిద్య ఎన్ని వాకిళ్ళ దగ్గర నిలబడి సంపాదించుకున్నదో కూడా దానితోపాటు గుర్తుంచుకోవలసి ఉంటుంది.

గబ్బిలం మోసిన విన్నపం

1941లో వెలువడిన ‘గబ్బిలము’ జాషువా కీర్తికి ఆధారస్తంభం. దాని రచనా ప్రణాళిక కాళిదాసు ‘మేఘదూతం’ నుంచి వచ్చిందన్నది తెలిసిన విషయమే. యక్షుడు మేఘాన్ని పంపిన రామగిరి నాగపూర్ సమీపంలోని రామ్‌టెక్ అని కొందరు, సర్గుజాలోని రామ్‌గఢ్ కొండ అని మరికొందరు చెబుతారు. రెండవ అభిప్రాయమే నిజమైతే ఆ మేఘం మన ఛత్తీస్‌గఢ్ నేల నుంచే బయలుదేరినట్లు. అయితే యక్షుడు శాపగ్రస్తుడు. అతని శిక్షకు ఒక సంవత్సరం గడువు ఉంది. జాషువా నాయకుడు దక్షిణాపథంలోని అస్పృశ్యుడు, అరుంధతీ సంతతివాడు. అతడు చేసిన నేరం లేదు, అతని శిక్షకు గడువూ లేదు. యక్షుని సందేశం ప్రియురాలికి. ఇతని విన్నపం కాశీ విశ్వనాథునికి. ఆలయంలో అడుగు పెట్టడానికి అర్హత లేని మనిషి, ఆలయంలో తలకిందులుగా వేలాడే గబ్బిలాన్ని దూతగా ఎంచుకొన్నాడు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉన్నది. ఈ ఒక్క కల్పనతో ఒక నాగరికతపై అభియోగపత్రం సిద్ధమైంది.

ఇక్కడ ఒక అంశం ప్రత్యేకంగా గమనించదగినది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి తన నాయకుని చేత శివునికి మొరపెట్టించాడు. ఆ నాయకుడు మతం మారడు, దైవాన్ని నిరాకరించడు. ఏ దైవం పేరిట తనను బయట నిలిపారో ఆ దైవం దగ్గరికే తన ఫిర్యాదును పంపుతాడు. ఒక మతస్థుడు మరొక మతాన్ని వెలుపలి నుంచి విమర్శిస్తున్నాడన్న ఆక్షేపణకు ఈ కావ్యంలో చోటు లేకుండా పోయింది. దేశం స్వయంగా అంగీకరించిన న్యాయసూత్రం ప్రకారమే దేశాన్ని నిలదీయడం ఇందులోని పద్ధతి.

మరొక అంశం ఇంతకన్న లోతైనది. గబ్బిలం ప్రయాణం తెలుగువారి చారిత్రక స్థలాల మీదుగా సాగుతుంది. ఆ శిథిలాలను, ఆ కోటలను, ఆ కవిరాజుల స్మృతులను జాషువా గర్వంతో వర్ణిస్తాడు. ఆ గతంలో తన నాయకునికి భాగం లేదని ఆయనకు తెలుసు. రాజులు వెలిగిన కాలంలోనూ అరుంధతీసుతుడు ఊరి వెలుపలనే ఉన్నాడు. అయినా ఆ వైభవాన్ని ఆయన పరాయిదిగా చూడలేకపోయాడు. కొందరు విమర్శకులు దీనిని వైరుధ్యం అంటారు. వైరుధ్యమే, కాని కావ్యాన్ని బలహీనపరిచే వైరుధ్యం కాదు. ప్రేమించదగిన గతం ఉన్నదని, ఆ గతం తనను ప్రేమించలేదని ఒకే మనిషి ఒకే ఊపిరిలో చెప్పవలసిరావడమే ఆ కావ్యంలోని అసలు దుఃఖం.

దీనిని బట్టి మన మొదటి ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుంది. జాషువా దృష్టిలో దేశం ఏదో స్వర్ణయుగం నుంచి జారిపడలేదు. అట్టడుగువానికి స్వర్ణయుగం ఏనాడూ లేదు. అటువంటప్పుడు పతనాన్ని దేనితో కొలవాలి?

సుల్తాను ఇచ్చిన మాట

ఆ కొలమానం ‘గబ్బిలము’ కంటె తొమ్మిదేళ్ళ ముందు, 1932లో వచ్చిన ‘ఫిరదౌసి’లో కనిపిస్తుంది. షానామా రచిస్తే పద్యానికి ఒక బంగారు నాణెం చొప్పున ఇస్తానని గజనీ మహమ్మదు పారసీక కవికి మాట ఇచ్చాడు. కవి తన ఆయుష్షులో మేలిభాగాన్ని ఆ కావ్యానికి ధారపోశాడు. కావ్యం పూర్తయిన తరువాత బంగారానికి బదులు వెండి వచ్చింది. కవి తిరస్కరించాడు. పశ్చాత్తాపంతో సుల్తాను పంపిన బంగారం చేరేసరికి కవి జీవించి లేడని ఐతిహ్యం.

ఈ కథను కేవలం ఒక కవి దురదృష్టంగా చదివితే అందులో సగమే చదివినట్లు. సుల్తాను సంపదకు లోటు లేదు. సైన్యానికి లోటు లేదు. లోపించినది ఇచ్చిన మాట. రాజ్యం పైకి వెలుగుతూనే లోపల పతనమయ్యే తీరు ఇక్కడ ఉన్నది. ఓడిపోయిన రాజ్యాన్ని గాక, విజయగర్వంతో ఉన్న రాజ్యాన్ని పతనానికి ఉదాహరణగా తీసుకోవడం జాషువా రాజకీయ వివేకానికి గుర్తు.

ఈ కావ్యపద్ధతికి బైబిలులో దగ్గరి బంధువు ఉన్నాడు. దావీదు రాజు చేసిన అన్యాయాన్ని నాతాను ప్రవక్త నేరుగా ఎత్తిచూపలేదు. బీదవాని ఏకైక గొర్రెపిల్లను లాక్కొన్న ధనవంతుని కథ చెప్పాడు. రాజు ఆగ్రహించి ఆ ధనవంతునికి తీర్పు చెప్పాడు. ఆ తీర్పు తనకే వర్తిస్తుందని తరువాత గ్రహించాడు. జాషువా ఆ కథను అనుసరించాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. జమీందారుల ఆదరణ మీద కవులు బతుకుతున్న కాలంలో, సుదూరమైన గజనీ ఆస్థానం కథ చెప్పి పాఠకుని చేతనే తీర్పు చెప్పించిన తీరు నాతాను పద్ధతికి సన్నిహితమని మాత్రమే నా మనవి. ఏలికకు నేరుగా చెప్పరాని మాటను కథగా చెప్పడం కవికి ఉన్న అతి పురాతనమైన రాజకీయ సాధనం.

ఈ మాటపట్టింపు జాషువా ఇతర రచనలలోనూ కొనసాగింది. ఆయన శ్మశానవాటిక పద్యాలు బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయం’ నాటక ప్రదర్శనలలో చేరి, పాత్రధారుల గొంతుల ద్వారా చదువురాని ప్రేక్షకులకు సైతం కంఠస్థమయ్యాయి. నాటకం 1912 నాటిది. పద్యాలు తరువాత వచ్చి అందులో కలిశాయి. ఆ కలయిక యాదృచ్ఛికం కావచ్చు, అర్థవంతం మాత్రం కాకపోలేదు. ఇచ్చిన మాట కోసం రాజ్యాన్ని, ఆలుబిడ్డలను వదులుకొన్న రాజు కాటికాపరిగా నిలబడిన చోట, రాజుకూ పేదకూ భేదం లేని మట్టిని గురించి జాషువా పద్యం వినిపిస్తుంది. మాట నిలుపుకోవడం, మనుషులంతా సమానమని గుర్తించడం ఆ రంగస్థలం మీద ఒకే ధర్మంగా కనిపించాయి. బతికి ఉండగా దక్కని సమత్వం చచ్చిన తరువాత మాత్రమే దక్కడం ఒక సమాజానికి గౌరవం కాదన్న ధ్వని కూడా అందులో ఉన్నది.

దేశం ఇచ్చిన మాట

గజనీ సుల్తాను మాటను అలా ఉంచి మన దేశం ఇచ్చిన మాటకు వద్దాము. స్వరాజ్యోద్యమం ప్రజలందరికీ స్వేచ్ఛను వాగ్దానం చేసింది. ఆ వాగ్దానంలో తమ వాటా ఎంత అన్న సందేహం దళిత కవులలో మొదటి నుంచీ ఉన్నది. గరిమెళ్ళ ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ పాటకు ప్రతిగా కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్ల దొరతనము’ రాయడమే దానికి సాక్ష్యం. జాషువా ఉద్యమానికి దూరం జరగలేదు. 1948లో గాంధీజీ హత్య తరువాత ‘బాపూజీ’ పేరిట స్మృత్యంజలి ఘటించాడు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అస్పృశ్యతను నిషేధించింది. అరుంధతీసుతుడు విశ్వనాథునికి పంపిన విన్నపానికి దేశం లిఖితపూర్వకంగా ఇచ్చిన జవాబు అది. మన ప్రశ్నకు మిగిలిన సగం సమాధానం ఇక్కడ ఉన్నది. దేశం ఎంత దిగజారిందో కొలవడానికి గతంలోని ఏ ఎత్తూ పనికిరాదు. తాను ఇచ్చిన మాటకు ఎంత దూరంలో ఉన్నదన్నదే కొలత.

ఆ దూరాన్ని సూచించే విషయాలు ఈ పత్రిక పాఠకులైన అధికారులకు తెలియనివి కావు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఆ గుర్తింపును హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవం స్వీకరించిన దళితుల ప్రశ్న మాత్రం కమిషన్ల ముందు, న్యాయస్థానాల ముందు ఉంటూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో వారిని వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో ఉంచారు. విధాన నిర్ణయం ఎలా ఉండాలన్నది సాహిత్య విమర్శ పరిధిలోనిది కాదు. మతం మారినంత మాత్రాన ఊరు తనను చూసే చూపు మారదని మాత్రం జాషువా జీవితం మనకు చెబుతుంది.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అంటే దేశం మరొక మాట ఇచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. చుండూరు నాటి గుంటూరు జిల్లాలోనిది. జాషువా పుట్టిన జిల్లా అది. అదే సంవత్సరం సెప్టెంబరు 28 తెల్లవారుజామున ఇక్కడ భిలాయిలో, నిద్రిస్తున్న కార్మిక నాయకుడు శంకర్ గుహ నియోగిని కాల్చి చంపారు. ఆ తేదీ జాషువా జన్మదినం. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు విధించగా, 2014లో హైకోర్టు నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది. నియోగి కేసులో 2005లో సుప్రీంకోర్టు శిక్ష విధించింది ఒక్కరికి మాత్రమే. ఈ రెండు ఘటనలకూ కారణాలు వేరు, నేపథ్యాలు వేరు. వాటిని కలిపేది ఒక్కటే: ఎవరికోసం మాట ఇవ్వబడిందో వారికే ఆ మాట అందలేదు. భిలాయిలో జాషువా జయంతిని తలచుకొనే తెలుగువానికి ఆ రోజున రెండు స్మృతులు ఎదురవుతాయి.

చెప్పవలసిన లోపాలు

జాషువాను ఇంతగా ప్రస్తుతించిన తరువాత ఆయన బలహీనతలను దాచడం విమర్శ ధర్మం కాదు. ఆయన ఆవేదన ఒక మనిషి రూపం ధరించినప్పుడు అద్భుతంగా పలుకుతుంది. గబ్బిలాన్ని బతిమాలే అభాగ్యుడు, జీవితాన్ని ధారపోసి మోసపోయిన కవి, యుద్ధకాలంలో బర్మా నుంచి పారిపోయి వచ్చిన ‘కాందిశీకుడు’: వీరి నోట వచ్చిన మాట మరపురానిది. అదే ఆవేదన సామాన్యోపదేశంగా మారినప్పుడు, లేక నాయకుల కీర్తనగా మారినప్పుడు, పద్యం నున్నదనం ఆగ్రహాన్ని చల్లార్చివేస్తుంది. శ్రోత చప్పట్లు కొట్టి లేచిపోగలుగుతాడు. సభారంజకత్వం జాషువాకు వరమూ, ప్రమాదమూ కూడా.

రాజ్యం చేసిన సత్కారం మరొక చిక్కు. ‘క్రీస్తు చరిత్ర’ 1958లో వెలువడి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. అదే 1964లో ఆయన శాసనమండలి సభ్యుడయ్యాడు. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న ఆయన కన్నుమూశాడు. ఈ గౌరవాలన్నిటికీ ఆయన సర్వవిధాలా అర్హుడు. కాని ఫిరదౌసి కథ రాసిన కవి విషయంలో ఒక మాట అనవలసి ఉంటుంది. కవికి బంగారం చేరినంత మాత్రాన అతని విన్నపం నెరవేరినట్లు కాదు. కవిని సన్మానించి కావ్యంలోని అభియోగాన్ని పక్కన పెట్టడం సున్నితమైన మాట తప్పడమే. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ సంకలనంతో బలంగా ముందుకు వచ్చిన దళిత కవులు జాషువాను సన్మానసభల నుంచి తిరిగి అభియోగం దగ్గరికి తీసుకువచ్చారు. ఆయన మృదుత్వాన్ని వారిలో కొందరు అంగీకరించకపోవచ్చు. ఆయన ప్రశ్నను మాత్రం విడిచిపెట్టలేదు.

క్రీస్తు కథలో పిలాతు అనే అధికారి ఉన్నాడు. ఎదుట నిలిచినవాడు నిర్దోషి అని అతనికి తెలుసు. అయినా జనఘోషకు తలవంచి అప్పగించి, నీళ్ళు తెప్పించి చేతులు కడుక్కొన్నాడు. అతడు క్రూరుడు కాడు. తన బాధ్యత ఇంతవరకే అనుకొన్నవాడు. దేశాల పతనానికి దుర్మార్గులు ఎంత కారణమో, చేతులు కడుక్కొనే ఈ మర్యాదస్థులు అంత కారణం. క్రీస్తు జీవితాన్ని తెలుగు పద్యంలో చెప్పడానికి పూనుకొన్న కవిని చదివేవారు ఆ ఘట్టం దగ్గర కొంచెంసేపు ఆగడం మంచిది. అధికారంలో ఉన్న పాఠకుడు మరికొంచెంసేపు ఆగాలి.

నందిని గనుల సున్నపురాయికి కొలిమిలో ఒక పని ఉన్నది. ఇనుప ఖనిజంలోని మలినాలను అది తనలో కలుపుకొని చిట్టెంగా వేరుచేస్తుంది. బయట ఉన్న రాయి వల్ల ఆ పని జరగదు; ఖనిజంతోపాటు అదీ కొలిమిలో కరగాలి. దేశ నైతికతను గురించి ఏ మతస్థుడైనా, ఏ కవి అయినా వెలిబుచ్చే ఆవేదనకు విలువ కట్టడానికి నాకు ఇంతకన్న మంచి పోలిక తోచలేదు. ఒడ్డున నిలబడి దేశం చెడిపోయిందనడం సులభం. చెడుగును మోస్తున్నవారి పక్కన నిలబడి, దేశం తానిచ్చిన మాటను దేశానికి గుర్తుచేయడం కష్టం. జాషువా రెండవది చేశాడు. ఆదివారపు ప్రార్థనలో దేశం కొరకు తలవంచేవారు, సోమవారపు కార్యాలయంలో దస్త్రం మీద సంతకం పెట్టేవారు ఆయనను మళ్ళీ చదవవలసిన కారణం అదే. గబ్బిలం మోసుకుపోయిన విన్నపం మీద ఇంకా కొన్ని సంతకాలు మిగిలి ఉన్నాయి.